రెయిడ్ పోయిందంటే పోయినట్టేనా?

రెయిడ్ అనగానే మన ఇళ్లల్లో ముందు గుర్తొచ్చేది ఇన్‌కమ్ టాక్స్ వాళ్లు. సర్వర్ రూమ్‌లో రెయిడ్ వేరే సంగతి. 1988లో బర్క్‌లీ యూనివర్సిటీ నుంచి డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ ముగ్గురూ కలిసి ఒక పేపర్ రాశారు. ఖరీదైన పెద్ద డిస్కు ఒకటి కొనే బదులు చవకైన చిన్న డిస్కులు కొన్ని కలిపి వాడితే వేగమూ వస్తుంది, ఒకటి పోయినా డేటా మిగులుతుంది అన్నది వాళ్ల వాదన. అందులో 'ఐ' అంటే ఇనెక్స్‌పెన్సివ్, అంటే చవకైనది. తర్వాత డిస్కులు అమ్మేవాళ్లకి ఆ మాట రుచించలేదేమో, ఇండిపెండెంట్ అని మార్చేశారు. (ఈ ప్యాటర్సన్ గారే మన కంప్యూటర్ ఆర్గనైజేషన్ టెక్స్ట్‌బుక్ రాసినాయన.)

ఈ వ్యాసం రెయిడ్ గొప్పతనం గురించి కాదు. అది కూలిపోయిందని అందరూ అనుకున్నప్పుడు లోపలున్న ఫైళ్లని ఎలా బయటికి తీయాలన్న దాని గురించి. పోయిన సెమిస్టర్లో మా ల్యాబ్ సర్వర్ పడిపోయింది. అందులో ఫైనల్ ఇయర్ వాళ్ల ప్రాజెక్టులున్నాయి, మన క్లబ్ పాత సంచికల పేజ్‌మేకర్ ఫైళ్లున్నాయి (అను ఫాంట్లతో చేసినవి, వాటికి పీడీఎఫ్‌లు కూడా లేవు). ఇంకా సీనియర్లు సెలవుల్లో సొంతూళ్లకి వెళ్లినప్పుడు నానమ్మల దగ్గర, అమ్మమ్మల దగ్గర రికార్డ్ చేసి తెచ్చిన దంపుడు పాటలు, ఊయల పాటలు ఉన్నాయి. పాడినవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు. రెండో కాపీ ఎక్కడా లేదు. "రెయిడ్ ఉంది కదా, ఇంకేం భయం" అనుకున్నారు అందరూ.

ఆ మాట దగ్గరే తేడా ఉంది. రెయిడ్ బ్యాకప్ కాదు. మీరు పొరపాటున ఒక ఫోల్డర్ డిలీట్ చేస్తే రెయిడ్ ఆ డిలీట్‌ని కూడా అన్ని డిస్కుల మీదా ఎంతో శ్రద్ధగా అమలు చేస్తుంది. అది కాపాడేది ఒక్కదాన్నుంచే: ఒక డిస్కు చావు నుంచి.

ఎలా కాపాడుతుందో చూద్దాం. మాది రెయిడ్ 5, నాలుగు డిస్కులు, ఒక్కోటీ 4 టీబీ. వాడుకోడానికి దొరికేది 12 టీబీ, మిగిలిన ఒక డిస్కంత చోటు పారిటీకి పోతుంది. పారిటీ అంటే మనం సెకండ్ ఇయర్లో డిజిటల్ లాజిక్‌లో చదువుకున్న ఎక్సారే. మూడు డిస్కుల్లో ఒకే చోట 1, 0, 1 ఉన్నాయనుకోండి. ఒకట్లు రెండు, సరిసంఖ్య, కాబట్టి నాలుగో దాంట్లో 0 రాస్తారు. 1, 1, 1 ఉంటే 1 రాస్తారు. ఇప్పుడు ఏ ఒక్క డిస్కు మాయమైనా మిగతా మూడింటిని ఎక్సార్ చేస్తే పోయిన బిట్ తిరిగొచ్చేస్తుంది. రెండు పోతే మాత్రం రాదు, ఒక సమీకరణంతో రెండు తెలియనివి కనుక్కోలేం కదా. ఇదే పనిని లైనక్స్ డిస్కుని చంకులుగా కోసి చేస్తుంది. మామూలుగా ఒక్కో చంకు 512 కేబీ. వరసగా మూడు డేటా చంకులు, ఒక పారిటీ చంకు కలిపితే ఒక స్ట్రైప్. పారిటీ ఎప్పుడూ ఒకే డిస్కు మీద ఉండదు, స్ట్రైప్ స్ట్రైప్‌కీ వంతులవారీగా చేతులు మారుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో దీంతో పనుంది.

మా సర్వర్లో మొదట కనిపించిన లక్షణం 'ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్'. తర్వాత ఎవరో రీబూట్ చేస్తే అసలు బూటే పూర్తి కాకుండా ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోయింది. ప్రాక్ డైరెక్టరీలో ఎండీస్టాట్ అనే ఫైల్ ఉంటుంది, రెయిడ్ ఆరోగ్యం అందులో కనిపిస్తుంది. అందులో అరే 'ఇనాక్టివ్' అని, డిస్కుల పక్కన బ్రాకెట్లో 'ఎస్' అని ఉంది. ఎస్ అంటే స్పేర్. అది చూసి చాలామంది గుండె ఆగిపోతుంది: నా డేటా డిస్కులన్నీ స్పేర్లు అయిపోయాయా అని. కాలేదు. అరే మొదలుకాని స్థితిలో ఉంటే లైనక్స్ అన్ని డిస్కులకీ ఆ గుర్తే పెడుతుంది.

సరిగ్గా ఇక్కడే మనుషులు డేటా పోగొట్టుకుంటారు. డిస్కులు చంపే డేటా కన్నా ఈ అరగంటలో కంగారుగా కొట్టే కమాండ్లు చంపే డేటానే ఎక్కువని నా నమ్మకం. నిండా మునిగాక చలేంటని ఇంటర్నెట్‌లో దొరికిన ప్రతి కమాండూ కొట్టేస్తారు. మూడు పనులు మాత్రం ప్రాణం పోయినా చెయ్యకండి. ఒకటి, అరేని మళ్లీ 'క్రియేట్' చెయ్యడం. పాత అరే మీద అదే పేరుతో కొత్తది సృష్టిస్తే అంతా సర్దుకుంటుందని కొందరు రాస్తారు. డిస్కుల వరస, చంకు సైజు, డేటా ఎక్కడ మొదలవుతుందన్న ఆఫ్‌సెట్, ఇవన్నీ పాతదానితో అచ్చుగుద్దినట్టు కలిస్తేనే అది పనిచేస్తుంది. ఆ ఆఫ్‌సెట్ డీఫాల్ట్ విలువ ఎండీఆడ్మ్ టూల్ వెర్షన్‌ని బట్టి మారుతూ వచ్చింది. కాబట్టి ఈ రోజు మీ మెషీన్ అనుకునే విలువ, ఆ రోజు అరే చేసినప్పటి విలువ ఒకటే అవ్వాలని లేదు. రెండు, బయటపడిపోయిన డిస్కుని 'యాడ్' అని తిరిగి కలపడం. కలపగానే రీబిల్డ్ మొదలై దాని మీద ఉన్నది చెరిగిపోతుంది. మూడు, ఫైల్‌సిస్టమ్ రిపేర్ చేసే ఎఫ్‌ఎస్‌సీకే నడపడం. కింద డిస్కుల అమరికే తప్పుగా ఉంటే ఆ టూల్‌కి ప్రతిదీ తప్పుగానే కనిపిస్తుంది, కనిపించినదాన్నల్లా 'సరిచేస్తుంది'.

అందుకే మేం చేసిన మొదటి పని, ల్యాబ్ సార్‌తో "సార్, దీన్ని ఆఫ్ చేసేద్దాం, ఎవర్నీ ముట్టుకోనివ్వకండి" అని చెప్పడం. డిస్కులు తీసేముందు ఏది ఏ పోర్ట్‌లో ఉందో ఫోటో తీసి, సీరియల్ నంబర్లు కాగితం మీద రాసుకున్నాం. తర్వాత వేరే మెషీన్‌లో, యూఎస్‌బీ నుంచి బూటయ్యే లైనక్స్ పెట్టి, అరే ఆటోమేటిగ్గా మొదలవకుండా చూసుకుని, ఒక్కో డిస్కునీ చదవడం మొదలుపెట్టాం. చదవడం మాత్రమే.

లైనక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్‌లో నాకు బాగా నచ్చే విషయం ఏంటంటే, ప్రతి డిస్కూ తన కథ తనే రాసుకుంటుంది. దాన్ని సూపర్‌బ్లాక్ అంటారు. ఇప్పుడు మామూలుగా వాడే 1.2 వెర్షన్‌లో అది డిస్కు మొదలు నుంచి 4 కేబీ దాటాక ఉంటుంది. నీల్ బ్రౌన్ రాసిన ఎండీఆడ్మ్ టూల్‌తో 'ఎగ్జామిన్' అని అడిగితే మొత్తం చెప్పేస్తుంది: నేను ఏ అరేకి చెందినదాన్ని, నాది ఎన్నో స్థానం, చంకు ఎంత, చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయ్యాను, నా ఈవెంట్ కౌంట్ ఎంత. ఈ ఆఖరిదే ముఖ్యం. అరేలో స్థితి మారినప్పుడల్లా అన్ని డిస్కుల్లోనూ ఈ అంకె పెరుగుతుంది. బయటపడిపోయిన డిస్కులో అంకె అక్కడే ఆగిపోతుంది. హాజరు పట్టీ లాంటిదన్నమాట. ఎవరు ఏ రోజు నుంచి క్లాసుకి రాలేదో అందులో తెలిసిపోతుంది.

మా నాలుగింటిలో మొదటి రెండూ 81406 దగ్గరున్నాయి. మూడోది 81398. నాలుగోది 23117. చివరి అప్‌డేట్ సమయాలు చూస్తే మూడోది మిగతావాటి కన్నా కొన్ని నిమిషాలే వెనక. నాలుగోది ఏకంగా ఐదు నెలలు వెనక. అంటే ఆ రోజు చచ్చింది ఒక్క డిస్కే. ఇంకోటి ఎప్పుడో పోయింది, ఐదు నెలలపాటు సర్వర్ మూడు కాళ్ల మీద కుంటుతూ నడిచింది, ఎవరికీ తెలియలేదు. ఎండీఆడ్మ్ మెయిల్ పంపే ఉంటుంది, కానీ అది రూట్ యూజర్‌కి వెళ్తుంది. రూట్ మెయిల్‌బాక్స్ తెరిచి చదివే మనిషిని నేనింతవరకూ చూడలేదు. ఇంకో తమాషా: నాలుగో డిస్కు సూపర్‌బ్లాక్‌లో అరే స్థితి 'నలుగురం క్షేమం' అనే ఉంది. అది పడిపోయాక దాని మీద రాసే దారి లేదు కదా! చనిపోయినవాడికి తన చావు కబురు అందదు. కాబట్టి ఒక్క డిస్కు మాట విని నిర్ణయానికి రావద్దు. నాలుగింటి వాంగ్మూలాలూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇక ఎందుకు పడిపోయాయన్నది. దీనికి స్మార్ట్ రీడింగులు చూడాలి, స్మార్ట్‌సీటీఎల్ అనే టూల్ ఇస్తుంది. అందులో బోలెడన్ని అంకెలుంటాయి, కంగారుపడకుండా నాలుగు చూస్తే చాలు. రీఅలొకేటెడ్ సెక్టర్లు, పెండింగ్ సెక్టర్లు, ఆఫ్‌లైన్ అన్‌కరెక్టబుల్, ఈ మూడూ పెరిగితే డిస్కు ప్లేట్లే పాడవుతున్నట్టు. సీఆర్‌సీ ఎర్రర్లు పెరిగితే మాత్రం ఎక్కువసార్లు దోషం డిస్కుది కాదు, కేబుల్‌ది. మా నాలుగో డిస్కులో మొదటి మూడూ సున్నా, సీఆర్‌సీ మాత్రం వెయ్యి దాటింది. అంటే ఐదు నెలల కిందట దాన్ని చంపింది ఒక సాటా కేబుల్! మూడోదాంట్లో పెండింగ్ సెక్టర్లు నిజంగానే ఉన్నాయి. అవి చదవబోయినప్పుడు ఇంకో గొడవ వచ్చింది. మామూలు డెస్క్‌టాప్ డిస్కు చెడ్డ సెక్టర్ తగిలితే వదలదు, రెండు నిమిషాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసేపు లోపల్లోపలే కుస్తీ పడుతుంది. లైనక్స్ మాత్రం 30 సెకన్లే ఎదురుచూస్తుంది. జవాబు రాకపోతే లింక్‌ని రీసెట్ చేస్తుంది, అలా ఒకటి రెండుసార్లయ్యాక డిస్కుని వెలేస్తుంది. 4 టీబీలో కొన్ని కేబీలు చదవలేకపోయినందుకు మొత్తం డిస్కుకి మరణశిక్ష అన్నమాట. 'రెయిడ్ ఫెయిల్ అయింది' అని అందరూ అనుకున్నదాంట్లో అసలు ఉన్నవి ఇవీ: ఒక పాత కేబుల్, కొన్ని చెడ్డ సెక్టర్లు, ఒక టైమ్ఔట్. రెయిడ్ తన పని తను సరిగ్గానే చేసింది.

(డిస్కు లోపల నుంచి టిక్ టిక్ మని చప్పుడొస్తుంటే ఈ వ్యాసం అక్కడితో ఆపేసి, ప్లగ్ పీకి, డేటా రికవరీ ల్యాబ్‌కి ఇవ్వండి. హెడ్ ప్లేటుని గీకుతుంటే సాఫ్ట్‌వేర్ చేసేదేం లేదు.)

అసలు డిస్కుతో పనిచెయ్యకూడదు, కాపీతోనే చెయ్యాలి. సార్ రెండు కొత్త డిస్కులు తెప్పించారు. ఒకటి మూడో డిస్కు క్లోన్‌కి, ఇంకోటి బయటికి తీసే ఫైళ్లకి. కాపీకి మామూలు డీడీ వాడకండి, చెడ్డ సెక్టర్ తగిలితే అది అక్కడే ఆగిపోతుంది. డీడీరెస్క్యూ వాడాలి. దాని పద్ధతి పరీక్ష బాగా రాసేవాడి పద్ధతే: ముందు వచ్చినవన్నీ గబగబా రాసేసి, రానివి వదిలేసి, చివర్లో వాటి దగ్గరికి తిరిగొస్తుంది. ఏది అయింది, ఏది మిగిలిందన్నది మ్యాప్‌ఫైల్‌లో రాసుకుంటుంది, కాబట్టి మధ్యలో కరెంట్ పోయినా ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే మొదలెట్టొచ్చు. మొదటి విడత తొమ్మిది గంటలు పట్టింది. తర్వాత మూడు విడతలు రీట్రై చేశాం. చివరికి చదవలేక మిగిలింది 72 కేబీ. తర్వాత అసలు మూడో డిస్కుని పీకి పక్కన పెట్టేశాం. క్లోన్‌లో కూడా అదే సూపర్‌బ్లాక్ ఉంటుంది కదా, రెండూ ఒకేసారి తగిలించి ఉంటే లైనక్స్‌కి ఎవరు ఎవరో తెలియదు.

మొదటి రెండు డిస్కులకి క్లోన్ చెయ్యడానికి డిస్కులు లేవు. అక్కడ ఓవర్లే పనికొచ్చింది. ఇంజినీరింగ్ డ్రాయింగ్‌లో అసలు షీట్ మీద ట్రేసింగ్ పేపర్ పరిచి గీస్తాం చూడండి, అదే. డీఎమ్‌సెటప్‌తో స్నాప్‌షాట్ పెడితే చదవడం అసలు డిస్కు నుంచి జరుగుతుంది, రాసేదంతా వేరే చోట ఉన్న ఒక ఖాళీ ఫైల్‌లోకి పోతుంది. ప్రయోగం చెడిపోతే ఆ ఫైల్ పారేసి కొత్త ట్రేసింగ్ పేపర్ వేసుకోవడమే. అసలు డిస్కులని బ్లాక్‌డెవ్‌తో రీడ్ ఓన్లీ కూడా చేసేశాం. మొత్తం పనిలో నేర్చుకోదగ్గది ఒక్కటే చెప్పమంటే నేను ఇదే చెబుతాను. తప్పు చేసినా వెనక్కి రాగలమని తెలిశాక చేతులు వణకవు.

అప్పుడు అసెంబుల్. ఒకటి, రెండు డిస్కుల ఓవర్లేలు, మూడోదాని క్లోన్ ఓవర్లే, ఈ మూడింటితో 'ఫోర్స్' ఆప్షన్ వేసి అరే మొదలుపెట్టాం. ఫోర్స్ అంటే, ఈవెంట్ కౌంట్ ఎనిమిది తక్కువున్నా పర్లేదు, లోపలికి రానివ్వు అని చెప్పడం. నాలుగోదాన్ని కలపలేదు, ఐదు నెలల పాత డేటా ఇప్పటి డేటాలో కలిస్తే కలగాపులగమే. అరే లేచింది. మౌంట్ చేసేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. ఈఎక్స్‌టీ4ని రీడ్ ఓన్లీ అని మౌంట్ చేసినా అది జర్నల్‌ని రీప్లే చేస్తుంది, అంటే రాస్తుంది. అది వద్దంటే 'నోలోడ్' అని కూడా చెప్పాలి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే 'నోరికవరీ'. మౌంట్ అయ్యాక మొదట పాటల ఫోల్డర్, తర్వాత ప్రాజెక్టులు, తర్వాత సంచికలు, అలా ఆర్‌సింక్‌తో కొత్త డిస్కులోకి లాగేశాం. సినిమాల ఫోల్డర్ ఒకటి ఉందని తెలిసింది, దాని సంగతి ఇక్కడ అప్రస్తుతం.

ఇంతటితో అయిపోయిందనుకుంటే అది సగమే. ఆ 72 కేబీ ఎవరి ఫైళ్లలో పడింది? కాపీ ఏ ఎర్రరూ లేకుండా అయింది, ఎందుకంటే క్లోన్‌లో ఆ చోట చెడ్డ సెక్టర్లు లేవు, సున్నాలున్నాయి. లోపల చెడినా పైకి నవ్వుతూ కనిపించే ఫైళ్లు ఇవి. డీడీరెస్క్యూలో ఫిల్ మోడ్ అని ఉంది, చదవలేని చోట్లన్నిట్లో మనం చెప్పిన మాట నింపుతుంది. క్లోన్‌లో అలా ఒక వింత పదం నింపి, అరేని మళ్లీ లేపి, ఫైళ్లన్నిట్లో ఆ పదం కోసం గ్రెప్ చేశాం. రెండు ఫైళ్లలో దొరికింది: ఒక పాత సంచిక పేజ్‌మేకర్ ఫైల్, ఒక ఊయల పాట.

కానీ ఈ వల చిల్లుల వల. ఎక్సార్ గుర్తుందా? మూడో డిస్కులో చెడిన చోట పారిటీ ఉందనుకోండి. అప్పుడు ఆ స్ట్రైప్‌లో లేని నాలుగో డిస్కు డేటాని ఆ చెడ్డ పారిటీతోనే లెక్కకట్టాలి. ఫలితం చెత్త, అందులో మన వింత పదం కూడా గుర్తుపట్టలేనట్టు కలిసిపోతుంది. అందుకని రెండో వల కావాలి. మన అదృష్టం, సీనియర్లు పాటల్ని ఫ్లాక్ ఫార్మాట్‌లో దాచారు. ఫ్లాక్ ఫైల్ తన లోపలి ఆడియోకి ఎండీ5 చెక్‌సమ్ తనే మోస్తుంది, టెస్ట్ అని అడిగితే చెడిందో లేదో చెప్పేస్తుంది. జిప్‌లో సీఆర్‌సీ ఉంటుంది, వర్డ్ డాక్యుమెంట్లు కూడా లోపల జిప్‌లే. గిట్ రిపాజిటరీల్లో హ్యాష్‌లుంటాయి. మామూలు వేవ్ ఫైల్‌కి ఇలాంటిదేం లేదు. పాటలన్నీ టెస్ట్ చేస్తే గ్రెప్‌కి దొరకని ఇంకో పాట కూడా దెబ్బతిందని తేలింది. జిప్‌లలో ఒక ప్రాజెక్ట్ టీమ్ ట్రైనింగ్ లాగ్స్ దెబ్బతిన్నాయి.

అప్పుడు నాలుగో డిస్కు గుర్తొచ్చింది. అది పాతదే కానీ చెడ్డది కాదు, దాని దోషం కేబుల్‌దే. ఈ రెండు పాటలూ, సంచికా రెండేళ్ల కిందటివి, ఆ డిస్కు పడిపోకముందే రాసినవి, మళ్లీ ఎవరూ ముట్టుకోనివి. కాబట్టి వాటి వరకూ ఐదు నెలల పాత డిస్కు కూడా కొత్తదే. కొత్త ట్రేసింగ్ పేపర్లు వేసి, ఈసారి మూడోదాన్ని వదిలేసి, ఒకటి, రెండు, నాలుగుతో ఫోర్స్ చేసి లేపాం. ఫైల్‌సిస్టమ్ గోలగోలగా ఉంది, కొన్ని ఫోల్డర్లు తెరుచుకోనే లేదు, కానీ పాత ఫోల్డర్లు తెరుచుకున్నాయి. ఇక్కడా గుడ్డిగా నమ్మకూడదు. మన ఫైల్ పాతదైనా అదే స్ట్రైప్‌లో పక్క చంకు ఈ ఐదు నెలల్లో మారి ఉంటే పారిటీ కలవదు, మళ్లీ చెత్తే వస్తుంది. రెండు పాటలకీ ఫ్లాక్ టెస్ట్ పెట్టాం. రెండూ పాసయ్యాయి. పేజ్‌మేకర్ ఫైల్‌కి చెక్‌సమ్ లేదు కాబట్టి రెండు కాపీలనీ బైట్ బైట్‌కీ పోల్చాం. వింత పదం ఉన్న 4 కేబీ తప్ప మిగతా అంతా ఒక్కటే. తెరిస్తే ఒత్తులూ గుణింతాలూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

ట్రైనింగ్ లాగ్స్ మాత్రం రాలేదు. అవి పోయిన నెలవే, నాలుగో డిస్కుకి వాటి సంగతే తెలియదు. ఆ టీమ్ మూడు రాత్రులు మళ్లీ రన్ చేసుకున్నారు.

ఇప్పుడు సర్వర్‌కి కొత్త కేబుల్స్ వేశారు. డిస్కులు ఒప్పుకుంటే చెడ్డ సెక్టర్ దగ్గర 7 సెకన్లకే చేతులెత్తేసేలా స్మార్ట్‌సీటీఎల్‌తో సెట్ చేశాం. ఒప్పుకోనివాటికి లైనక్స్ వైపు టైమ్ఔట్ 180 సెకన్లకి పెంచాం. ఈ రెండు సెట్టింగులూ రీబూట్‌కి పోతాయి, కాబట్టి బూట్ స్క్రిప్ట్‌లో పెట్టాలి. మెయిల్ ఇప్పుడు రూట్‌కి కాకుండా సార్‌కీ, ల్యాబ్ చూసుకునే ముగ్గురికీ వస్తుంది. ఎండీఆడ్మ్ మానిటర్‌లో టెస్ట్ అనే ఆప్షన్‌తో ఉత్తుత్తి మెయిల్ పంపి చూడొచ్చు. మేం పంపితే మొదటిసారి స్పామ్ ఫోల్డర్లో దొరికింది. పాటల ఫోల్డర్ రెండు కాపీలు తీశాం, ఒకటి లైబ్రరీలో ఉంది. వినాలనుకునేవాళ్లు పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి.